లినక్స్ మళ్లీ ఎక్కించడం అరగంట పని, సామాను సర్దుకోవడానికే రెండు రోజులు

మొన్నామధ్య ఒక శనివారం సాయంత్రం మా బాబాయ్ కొడుకు ఫోన్ చేశాడు. ఉబుంటు అనే లినక్స్‌ని 22.04 నుంచి 24.04కి అప్‌గ్రేడ్ పెట్టి టీ తాగడానికి వెళ్లాడట, అంతలో కరెంటు పోయింది. వాడి లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, ఛార్జర్ పీకితే ఆగిపోయే రకం. కరెంటు వచ్చాక ఆన్ చేస్తే నల్ల తెర, దాని మీద రెండు మూడు లైన్లు, అంతే.

"అన్నయ్యా, ఫార్మాట్ కొట్టేయనా?"

"ఆగరా బాబూ. బ్యాకప్ ఉందా?"

"ఉంది. రోజూ రాత్రి పదింటికి ఇంట్లో పాత డెస్క్‌టాప్‌లోకి కాపీ అవుతుంది. నువ్వే కదా పెట్టించావు."

"అందులో ఏమున్నాయో ఎప్పుడైనా తెరిచి చూశావా?"

అటునుంచి చప్పుడు లేదు.

లినక్స్ మళ్లీ ఎక్కించడం ఇప్పుడు పెద్ద పనేం కాదు. పెన్‌డ్రైవ్ తయారుగా ఉంటే, లాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌డీ ఉంటే, అరగంటలో కొత్త డెస్క్‌టాప్ కనిపిస్తుంది. తల పట్టుకునేది ఆ తర్వాతే, ఎందుకంటే ఇన్నాళ్లూ మన సామాను ఏది ఎక్కడ ఉండేదో మనకే తెలియదు. ఇల్లు మారేటప్పుడు మంచాలూ బీరువా అందరికీ గుర్తుంటాయి, అటక మీది పెద్ద గుండిగ మాత్రం కొత్తింట్లో పాలు పొంగించే రోజున గుర్తొస్తుంది. ఇదీ అంతే.

అసలు ముందు, మళ్లీ ఎక్కించాల్సిన అవసరం ఉందా అని చూడాలి. ఏం తేడా వచ్చినా ఫార్మాట్ చేసేయడం మనకి విండోస్ రోజుల్లో పట్టుకున్న అలవాటు. అప్‌గ్రేడ్ మధ్యలో ఆగిపోతే సాధారణంగా జరిగేది ఏమిటంటే, కొన్ని ప్యాకేజీలు, అంటే ప్రోగ్రాముల మూటలు, విప్పి పెట్టి ఉంటాయి కానీ వాటి అమరిక పూర్తయి ఉండదు. బూట్ అయ్యేటప్పుడు ఎస్కేప్ నొక్కి గ్రబ్ అనే బూట్ మెనూలోకి వెళ్తే రికవరీ మోడ్ ఉంటుంది, అందులో విరిగిన ప్యాకేజీలను బాగుచేసే డీపీకేజీ ఆప్షన్ కూడా ఉంటుంది. చాలాసార్లు దానితోనే తేరుకుంటుంది. ఇంకో అనుమానం కూడా తీర్చుకోవాలి. డిస్కే చచ్చిపోతోందేమో, దాని ఆరోగ్యం చెప్పే స్మార్ట్ రిపోర్టు చూడాలి, ఎందుకంటే పోయే డిస్కు మీద కొత్త సిస్టమ్ వేయడం కూలే గోడకి సున్నం కొట్టడమే. మావాడి విషయంలో డిస్కు బాగానే ఉంది, ప్యాకేజీలు మాత్రం సగం పాతవి సగం కొత్తవి అయి కలగాపులగం అయిపోయాయి, రికవరీలో గంటసేపు కుస్తీ పట్టినా లొంగలేదు. సరే, మళ్లీ వేద్దాం అనుకున్నాం.

బ్యాకప్ అనే ఒక్క మాట కింద మనం మూడు వేరే వేరే వస్తువుల్ని కలిపేస్తాం, గందరగోళం అంతా అక్కడే మొదలవుతుంది. ఒకటి సిస్టమ్: కెర్నల్ అనే మూల ప్రోగ్రాము, లైబ్రరీలు, లిబ్రేఆఫీస్ లాంటి ప్రోగ్రాములు. ఇవి ఇంటర్నెట్‌లో ఎప్పుడూ దొరుకుతాయి, మళ్లీ దించుకుంటే సరి, వీటిని దాచుకోవాల్సిన పనే లేదు. రెండోది మనం చేసుకున్న అమరికలు, మూడోది మన సొంత ఫైళ్లు. మూడోదాన్ని మొత్తంగా వెనక్కి తెచ్చుకోవాలి, రెండోదాన్ని ఏరుకుని తెచ్చుకోవాలి, మొదటిదాన్ని అసలు తేకూడదు. పాత సిస్టమ్ ఫైళ్లని కొత్త సిస్టమ్ మీద పోసేశారంటే మళ్లీ అదే నల్ల తెర దగ్గర తేలతారు.

టైమ్‌షిఫ్ట్ గురించి ఇక్కడే చెప్పేయాలి, చాలామంది దాని దగ్గరే మోసపోతున్నారు. లినక్స్ మింట్‌తో పాటే వస్తుంది, రోజూ స్నాప్‌షాట్లు తీస్తుంది, పచ్చగా టిక్ మార్కు చూపిస్తుంది, మనం ధీమాగా పడుకుంటాం. అది తీసేది సిస్టమ్ స్నాప్‌షాట్లు, అంటే ఆ క్షణానికి సిస్టమ్ ఎలా ఉందో దాని నకలు. మన సొంత ఫైళ్లు ఉండే హోమ్ ఫోల్డర్‌ని మామూలుగా అది ముట్టుకోదు, మనం ప్రత్యేకంగా చెప్తే తప్ప. అంటే పెళ్లి ఫొటోలు, ఇంటి లోను కాగితాలు అందులో ఉండవు. పైగా ఆ స్నాప్‌షాట్లు చాలామందికి అదే డిస్కు మీద ఉంటాయి, డిస్కు పోతే అవీ పోతాయి. అప్‌డేట్ చెడిపోతే నిన్నటి స్థితికి వెళ్లడానికి అది బంగారం లాంటి పరికరం, కానీ దాన్ని మీ ఫైళ్ల బ్యాకప్ అనుకోకండి.

ఇక సొంత ఫైళ్ల సంగతి. "నావన్నీ డాక్యుమెంట్స్‌లో ఉన్నాయి" అనేవాళ్లు ఒకసారి హోమ్ ఫోల్డర్ తెరిచి కంట్రోల్, హెచ్ కలిపి నొక్కండి. చుక్కతో మొదలయ్యే ఫోల్డర్లు బిలబిలా బయటికి వస్తాయి. అటక అంటే అదే. వేరే సర్వర్లలోకి వెళ్లే తాళాలు .ఎస్‌ఎస్‌హెచ్‌లో ఉంటాయి. థండర్‌బర్డ్ వాడేవాళ్ల మెయిల్ మామూలుగా .థండర్‌బర్డ్‌లో ఉంటుంది. సగం ప్రోగ్రాముల అమరికలు .కాన్ఫిగ్‌లో, మిగతా సగం .లోకల్ లోపలి షేర్‌లో. ఫైర్‌ఫాక్స్ అయితే మరీ చిత్రం. మామూలుగా దాని ప్రొఫైల్, అంటే మన బుక్‌మార్కులూ అమరికలూ, .మొజిల్లాలో ఉండాలి, కానీ ఉబుంటులో ఫైర్‌ఫాక్స్ ఇప్పుడు స్నాప్ అనే వేరే రకం ప్యాకేజీగా వస్తుంది కాబట్టి ఆ ప్రొఫైల్ హోమ్‌లోని స్నాప్ అనే ఫోల్డర్ లోపల, ఇంకా లోపల, నాలుగు గడపలు దాటి ఉంటుంది. ఫ్లాట్‌ప్యాక్ అనే ఇంకో పద్ధతిలో వేసుకున్న ప్రోగ్రాములవి .వార్ లోపలి యాప్‌లో ఉంటాయి. అందుకే బ్యాకప్ తీసేటప్పుడు ఏరుకుంటూ కూర్చోకుండా హోమ్ మొత్తాన్ని చుక్క ఫోల్డర్లతో సహా ఎత్తేయడం మేలు. .క్యాష్ ఒక్కటి వదిలేయొచ్చు, అదంతా చెత్తే.

హోమ్ బయట ఉండేవి ఇంకొన్ని ఉన్నాయి, అవి పోతేనే ఎక్కువ బాధ. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్‌ల ఫైళ్లు /వార్ లోపల ఉంటాయి. వాటిని ఉన్నవి ఉన్నట్టు కాపీ కొట్టుకొచ్చి కొత్త వెర్షన్‌లో పెడితే పనిచేస్తుందన్న నమ్మకం లేదు. పోస్ట్‌గ్రెస్ అయితే పెద్ద వెర్షన్ మారితే పాత ఫోల్డర్‌ని తెరవను పొమ్మంటుంది. మెషిన్ బాగున్నప్పుడే డంప్ తీసి, అంటే డేటా అంతా ఒక ఫైలులోకి రాయించి, హోమ్‌లో పెట్టుకోవాలి. డాకర్ వాడేవాళ్ల డేటా ఉండే వాల్యూములూ అంతే, అవీ /వార్‌లోనే. ఇక సిస్టమ్ అమరికలుండే /ఈటీసీ: అందులో మీరు చేత్తో మార్చిన ఫైళ్లు నాలుగో ఐదో ఉంటాయి, మొత్తం ఫోల్డర్‌ని కాపీ చేసి పక్కన పెట్టుకోండి, కానీ చూసి రాసుకోవడానికి మాత్రమే.

ఎక్కించుకున్న ప్రోగ్రాముల జాబితా ఒకటి తీసి పెట్టుకోండి. ఉబుంటు, డెబియన్, మింట్ వాళ్లకి ఆప్ట్-మార్క్ షోమాన్యువల్ అని ఒక కమాండ్ ఉంది, వేటికో తోడుగా వచ్చినవి కాకుండా విడిగా కోరి వేసినవాటిని వరసగా చూపిస్తుంది. మొదటి ఇన్‌స్టాల్‌లో వచ్చినవి కూడా కొన్ని అందులో కలుస్తాయి, పర్వాలేదు. దాన్ని ఒక టెక్స్ట్ ఫైలులోకి మళ్లించుకుంటే చాలు, తర్వాత "ఆ పీడీఎఫ్‌లు కలిపే దాని పేరేంట్రా" అని గోడకేసి చూడక్కర్లేదు.

మెషిన్ బూటే అవడం లేదు, ఇప్పుడు కాపీ ఎలా? లైవ్ పెన్‌డ్రైవ్ ఉన్నది ఇందుకే. ఉబుంటు 24.04 ఫైలు దాదాపు 6 జీబీ ఉంటుంది, 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. దించుకున్నాక, ఫైలు పాడవకుండా దిగిందో లేదో చెప్పే ఎస్‌హెచ్‌ఏ256 సంఖ్య సరిపోయిందో లేదో చూసుకోండి, రెండు నిమిషాల పని. రాయడానికి ఎచర్, రూఫస్, వెంటాయ్ ఏదైనా పర్లేదు. డీడీ కమాండ్ వాడే శూరులు మాత్రం ముందు డిస్కుల జాబితా చూపించే ఎల్‌ఎస్‌బీఎల్‌కే కొట్టి, ఏది పెన్‌డ్రైవో ఏది మీ డిస్కో సైజు చూసి ఖాయం చేసుకున్నాకే ఎంటర్ నొక్కండి, అది అడగదు, చెప్పదు, తుడిచేస్తుంది. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయ్యాక ఇన్‌స్టాల్ అనకుండా ట్రై అనే దాన్ని ఎంచుకుంటే లినక్స్ దాని మీద నుంచే నడుస్తుంది, ఫైల్ మేనేజర్‌లో పాత డిస్కు కనిపిస్తుంది. ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే దాని మీద నొక్కగానే పాస్‌ఫ్రేజ్ అడుగుతుంది. అది మర్చిపోయి ఉంటే ఇక నేనే కాదు, ఎవరూ చేయగలిగింది లేదు.

కాపీ ఎక్కడికి చేస్తున్నారనేది కూడా ముఖ్యమే. బజార్లో కొన్న పెన్‌డ్రైవ్‌లూ ఎక్స్‌టర్నల్ డిస్కులూ చాలావరకు ఫ్యాట్32 లేదా ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతుల్లో ఫార్మాట్ అయి వస్తాయి. ఫ్యాట్32లో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు, వర్చువల్ మెషిన్ ఫైలు దగ్గర ఠక్కున ఆగిపోతుంది. ఎక్స్‌ఫ్యాట్‌కి ఆ బాధ లేదు కానీ దానికి లినక్స్ పర్మిషన్లు తెలియవు, వేరే ఫైలుకి దారి చూపే సింబాలిక్ లింకులు తెలియవు, పేరులో కోలన్ ఉన్న ఫైలుని తీసుకోదు. నేను ఒకసారి ఇలాగే అన్నీ ఎక్స్‌ఫ్యాట్ డిస్కులో వేసుకుని, కొత్త సిస్టమ్‌లోకి తెచ్చుకుని, సర్వర్‌లోకి లాగిన్ అవుదామంటే నా తాళం నాకే పనిచేయలేదు. పర్మిషన్లు మరీ బార్లా తెరిచి ఉన్నాయి, ఈ ప్రైవేట్ తాళాన్ని నేను వాడను అని పెద్దక్షరాల్లో తిట్టింది. .ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌కి 700, లోపలి ప్రైవేట్ తాళానికి 600 అని పర్మిషన్ పెడితే, అంటే నాకు తప్ప ఎవరికీ అందకుండా చేస్తే, దారికొచ్చింది. కాబట్టి బ్యాకప్ డిస్కుని లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4లో ఫార్మాట్ చేసుకోండి, లేదా హోమ్ మొత్తాన్ని టార్ మూటగా కట్టి పెట్టుకోండి, పర్మిషన్లు ఆ మూట లోపలే భద్రంగా ఉంటాయి.

కాపీకి నేను వాడేది ఆర్‌సింక్ అనే కమాండ్. మైనస్ ఏ పెడితే పర్మిషన్లు, తేదీలు, సింబాలిక్ లింకులు ఉన్నట్టే వస్తాయి, మధ్యలో తీగ ఊడినా మళ్లీ మొదలుపెడితే అయిపోయిన ఫైళ్లని వదిలేసి మిగతావి అందుకుంటుంది. దాంతో ఒక చిక్కు ఉంది, స్లాష్ దగ్గర. మూల ఫోల్డర్ పేరు చివర స్లాష్ పెడితే లోపలి సామాను మాత్రమే వెళ్తుంది, పెట్టకపోతే ఫోల్డర్‌తో సహా వెళ్తుంది. ఇది మర్చిపోతే హోమ్‌లో ఇంకో హోమ్ తయారవుతుంది. ముందు మైనస్ ఎన్ పెట్టి ఉత్తుత్తి రన్ చేసుకుని ఏం జరగబోతుందో చూసుకోండి.

కాపీ అయ్యాక, ఫార్మాట్‌కి ముందు, ఓ పావుగంట కూర్చుని బ్యాకప్ నుంచే నాలుగు ఫైళ్లు తెరవండి. ఒక ఫొటో, ఒక స్ప్రెడ్‌షీట్, ఆ టార్ మూటలోంచి ఒకటి, ఎన్‌క్రిప్ట్ చేసిన బ్యాకప్ అయితే దాని పాస్‌వర్డ్ గుర్తుందో లేదో. బోర్గ్ అనే బ్యాకప్ ప్రోగ్రాము వాడేవాళ్లు మరీ జాగ్రత్త. కీఫైల్ పద్ధతి ఎంచుకుని ఉంటే తాళం మీ హోమ్‌లోని .కాన్ఫిగ్‌లో ఉంటుంది, అంటే బీరువా తాళం బీరువాలోనే పెట్టినట్టు. దాన్ని విడిగా బయట దాచి ఉండాలి. ఎస్‌ఎస్‌డీ మీద ఫార్మాట్ కొట్టాక "రికవరీ సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా" అని అడిగితే లాభం లేదు, చెరిపేసిన చోటుని ఎస్‌ఎస్‌డీ చేత ఖాళీ చేయించే ట్రిమ్ నడిచిందంటే అక్కడ వెతకడానికేం మిగలదు.

ఇన్‌స్టాల్ గురించి పెద్దగా చెప్పను, తెరమీద అడిగేవాటికి జవాబు చెప్పుకుంటూ పోవడమే. విండోస్ కూడా ఉన్న లాప్‌టాప్ అయితే మాన్యువల్ పార్టిషనింగ్‌లోకి వెళ్లండి. ఫ్యాట్32లో ఉండే ఆ చిన్న ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ని వాడుకోమని చెప్పండి, ఫార్మాట్ మాత్రం చేయకండి, విండోస్ బూట్ అయ్యేది కూడా దాన్నుంచే. విండోస్ డిస్కుకి బిట్‌లాకర్ తాళం ఉంటే రికవరీ కీ ముందే రాసిపెట్టుకోండి, బూట్ అమరికలు మారితే అడగొచ్చు. /హోమ్‌ని వేరే పార్టిషన్‌గా పెట్టుకున్న ముందుచూపు గలవాళ్లకి ఇక్కడ సుఖం: దానికి /హోమ్ అని మౌంట్ పాయింట్ (అది తగిలే చోటు) ఇచ్చి, ఫార్మాట్ టిక్ తీసేస్తే సామాను కదలకుండానే ఇల్లు కొత్తదవుతుంది. ఆ టిక్ ఉందో లేదో రెండుసార్లు చూసుకోండి. అలాగని బ్యాకప్ మానకండి.

యూజర్ పేరు పాతదే పెట్టుకోండి, లేకపోతే పాత దారులు రాసి ఉన్న స్క్రిప్టులన్నీ తప్పిపోతాయి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు, ఫైలు ఎవరిదనేది లినక్స్ పేరుతో గుర్తుపెట్టుకోదు, అంకెతో పెట్టుకుంటుంది. ఉబుంటులో మొదట సృష్టించిన యూజర్ 1000, తర్వాతి వాళ్లు 1001. మా ఇంట్లో లాప్‌టాప్‌కి ఒకసారి మళ్లీ వేసినప్పుడు మొదటి అకౌంటు మా ఆవిడ పేరుతో పెట్టి, నాది రెండోదిగా పెట్టాను. బ్యాకప్ తెచ్చి పోస్తే నా ఫైళ్లన్నీ ఆవిడవైపోయాయి, ఆవిడవి నావి. "ఇప్పటికైనా ఒప్పుకున్నారు" అంది. చౌన్ కమాండ్‌తో ఎవరివి వాళ్లకి పంచాను.

ఇక వెనక్కి తెచ్చుకునే ఘట్టం. నేను చేసిన అతి పెద్ద తప్పు పాత /ఈటీసీ నుంచి ఎఫ్‌స్టాబ్ అనే ఫైలుని తెచ్చి కొత్తదాని మీద పెట్టడం. బూట్ అయినప్పుడు ఏ పార్టిషన్ ఎక్కడ తగిలించాలో చెప్పే పట్టిక అది, పార్టిషన్లని యూయూఐడీ అనే పొడుగాటి నంబరుతో గుర్తిస్తుంది. ఫార్మాట్ చేసినప్పుడల్లా ఆ నంబరు మారిపోతుంది. నేను పెట్టిన పట్టికలో పాత నంబర్లు. రీబూట్ చేస్తే, లేని డిస్కు కోసం ఒకటిన్నర నిమిషం లెక్కపెట్టుకుంటూ ఎదురుచూసి, రాకపోయేసరికి ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్లి కూర్చుంది. కొత్త సిస్టమ్ వేసి గంట కూడా కాలేదు. పాతది పక్కన తెరుచుకుని అందులోంచి కావలసిన లైను మాత్రం కొత్తదాంట్లో చేత్తో రాసుకోవాలి.

బ్రౌజర్ల దగ్గర ఇంకో తిరకాసు. ఉబుంటు నుంచి డెబియన్‌కి మారినవాళ్లు ఫైర్‌ఫాక్స్ ప్రొఫైల్ తెచ్చి పెడితే, ఇది కొత్త వెర్షన్‌లో వాడిన ప్రొఫైల్, నేను పాత వెర్షన్‌ని, కొత్త ప్రొఫైల్ చేసుకో అంటుంది. డెబియన్‌లో వచ్చేది ఈఎస్‌ఆర్ అనే నిదానంగా మారే రకం కాబట్టి అంకె వెనకబడి ఉంటుంది. ఫైలు పాడైందని కంగారుపడి పాతది చెరిపేయకండి, కొత్త ఫైర్‌ఫాక్స్ వేసుకుంటే తెరుచుకుంటుంది. క్రోమ్‌లో దాచిన పాస్‌వర్డ్‌ల తాళం మామూలుగా గ్నోమ్ కీరింగ్ అనే తాళాల పెట్టెలో ఉంటుంది, ఆ కీరింగ్ ఫోల్డర్ .లోకల్‌లో ఉంటుంది. .కాన్ఫిగ్ ఒక్కటే తెచ్చుకుంటే బుక్‌మార్కులు వస్తాయి, పాస్‌వర్డ్‌లు రావు. కీరింగ్‌కి పాత లాగిన్ పాస్‌వర్డే తాళం, కాబట్టి కొత్తగా వేరే పాస్‌వర్డ్ పెట్టుకుని ఉంటే లాగిన్ అయినప్పుడల్లా అడుగుతూ ఉంటుంది.

తెలుగులో రాసుకునేవాళ్లకి మరో పని. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరికల్లో ఎలాగూ ఉంటుంది, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ పద్ధతిలో టైపు చేసేవాళ్లు మాత్రం ఐబస్ ఎమ్17ఎన్ ప్యాకేజీ వేసి, ఒకసారి లాగౌట్ అయి రావాలి. ఫాంట్లని .లోకల్ కింద పెట్టుకుని ఉంటే హోమ్‌తో పాటే వచ్చేస్తాయి, సిస్టమ్ మొత్తానికి వేసుకున్నవి పోతాయి. లిబ్రేఆఫీస్ ఆ విషయం నోరు విప్పి చెప్పదు. మండలి ఫాంటులోనో సూరన్నలోనో పేజీలు కట్టిన పత్రికని ఇంకేదో ఫాంటుతో తెరిచేస్తుంది, 48 పేజీలది 53 అయి కూర్చుంటుంది, మనం ఫైలు పాడైందనుకుంటాం. పాత అను ఫాంట్ల ఫైళ్లయితే తెలుగే కనపడదు, ఇంగ్లీషు అక్షరాల పేడముద్దలా ఉంటుంది.

మావాడికి ఆ శనివారం రాత్రి తొమ్మిదింటికి కొత్త సిస్టమ్ వచ్చింది. ముందు .ఎస్‌ఎస్‌హెచ్ ఒక్కటి తెచ్చి పెట్టించాను, పాత డెస్క్‌టాప్‌తో మాట్లాడాలంటే ఆ తాళం కావాలి కదా. మిగతాది పొద్దున చూద్దామని పడుకున్నాడు. ఆదివారం మొత్తం ఫైళ్లు తెచ్చుకుని, ప్రోగ్రాముల జాబితా చూసి అన్నీ వేసుకుని, సాయంత్రానికి "అంతా ఓకే అన్నయ్యా" అన్నాడు.

మూడు వారాల తర్వాత మళ్లీ ఫోన్. "అన్నయ్యా, డెస్క్‌టాప్‌లో బ్యాకప్ చూస్తే ఆఖరి తేదీ మనం ఫార్మాట్ కొట్టకముందుదే ఉందేంటి?"

రాత్రి పదింటికి ఆర్‌సింక్ నడపమని చెప్పే ఆ ఒక్క లైను క్రాన్‌ట్యాబ్‌లో, అంటే ఏ వేళకి ఏ పని నడపాలో చెప్పే పట్టికలో, ఉండేది. క్రాన్‌ట్యాబ్ హోమ్‌లో ఉండదు, /వార్ లోపలి స్పూల్‌లో ఉంటుంది. పెట్టించిన నాకే గుర్తులేదు. అంటే మూడు వారాలుగా బ్యాకప్ లేదు. సరే, మళ్లీ రాద్దాం, ఆ పాత లైను నీ మెయిల్‌లో ఎక్కడో ఉంటుంది, చదువు అన్నాను. చదివాడు. అందులో మైనస్ మైనస్ డిలీట్ ఉంది, అంటే ఇక్కడ లేని ఫైలుని అక్కడ కూడా తీసేయమని.

ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. ఆ లైను గనక పోకుండా ఉండి ఉంటే, ఆ శనివారం రాత్రి పదింటికి, ఖాళీగా ఉన్న కొత్త హోమ్‌ని చూసి, చేతిలో తాళం కూడా ఉంది కాబట్టి సాఫీగా డెస్క్‌టాప్‌లోకి వెళ్లి, అక్కడున్నదంతా ఖాళీ చేసి వచ్చేది. ఆ డిలీట్ తీసేసి, తేదీల వారీగా వేరే ఫోల్డర్లలోకి వెళ్లేలా కొత్త లైను రాయించాను. క్రాన్‌ట్యాబ్ మైనస్ ఎల్ కొట్టి దాని కాపీ ఒకటి హోమ్‌లో పెట్టుకోమన్నాను. ఫోన్ పెట్టేసి నా లాప్‌టాప్‌లో అదే చేశాను, నాది కూడా లేదు.